నాలుగు చింతగింజలు

వర్తినికి అప్పజెప్పిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మూడు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాత ఒక్క దెబ్బ కొట్టాలి. మళ్ళీ మూడు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఇంతకంటే సుఖమైన పని జావాలోని ఆ క్లాటెన్ ఊరు మొత్తం వెతికినా దొరకదని ఆ పేట ఆడవాళ్ళంతా అనుకునేవాళ్ళు. దెబ్బ సంగతి సరే, ఆ ఊరికే కూర్చోవడం ఉంది చూశారూ, అది వర్తిని ప్రాణాలు తోడేసేది.

పేటలో ఆడవాళ్ళ గమెలాన్ మేళం ఒకటుంది. ఇరవై మంది దాకా ఉంటారు. బుధవారం, శనివారం సాయంత్రం నాలుగింటికి వార్డు ఆఫీసు ముందున్న మండపంలో చాపలు పరుచుకుని, కంచు పలకలూ గంటలూ ముందేసుకుని కూర్చుంటారు. డోలు వాయిస్తూ అందర్నీ నడిపించేది బు లస్త్రి. పెళ్ళయి పిల్లలున్న ప్రతి ఆడదీ అక్కడ 'బు'నే, కానీ బు లస్త్రిని పిలిచేటప్పుడు మాత్రం గొంతులు కాస్త తగ్గుతాయి. బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మేళంలో సగం మంది ఆవిడ చేతి దెబ్బలు తిన్నవాళ్ళే.

అందరి వెనకా కొయ్య చట్రానికి పెద్ద జేగంట వేలాడుతుంటుంది. రెండు చేతులూ చాపితే గాని అందనంత వెడల్పు. దానికో పేరుంది, క్యాయి సబర్. క్యాయి అంటే అయ్య, సబర్ అంటే ఓపిక. వారానికోసారి దానికి పూలు పెట్టి ధూపం వేస్తారు. పాటలో ఒక చుట్టు పూర్తయిందని చెప్పే అధికారం దానిదొక్కదానిదే. చుట్టుకు అరవై నాలుగు తాళాలు. పదహారు తాళాలకోసారి చిన్న గంట మోగుతుంది. నాలుగో చిన్న గంటతో పాటే జేగంట మోగాలి. పాట నెమ్మదించిందంటే ఈ అరవై నాలుగూ సాగి సాగి మూడు నిమిషాలు పడతాయి.

ఆ ఓపికయ్య పక్కన వర్తినిని కూర్చోబెట్టడం వెనక ఒక కథ ఉంది. మొదట్లో ఆమెకు కంచు పలకలు ఇచ్చారు. పలుపు తెంచుకున్న దూడలా అందరికంటే ముందు పరిగెత్తింది. తర్వాత చిన్న గంటలు ఇచ్చారు. రెండు దెబ్బల మధ్య ఖాళీ దొరికేసరికి పక్కావిడ జడపిన్ను సర్దుతూ, తన వంతు వచ్చి వెళ్ళిపోయిందని కూడా గమనించలేదు. బు లస్త్రి ఆలోచించి, ఎంత తక్కువ పని ఇస్తే అంత తక్కువ తప్పు జరుగుతుందని జేగంట దగ్గరికి పంపింది. ముప్పై ఏళ్ళు పిల్లల్ని చూసిన మనిషి అక్కడే పప్పులో కాలేసింది. పలకల మీద తప్పు చేస్తే ఇరవై మంది మోతలో కలిసిపోతుంది. జేగంట తప్పు మోగితే అందరూ చుట్టు అయిపోయిందనుకుని ఆగిపోతారు.

వర్తినికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఏ మూల చూసినా ఆమె మొదలుపెట్టి వదిలేసినవే కనిపిస్తాయి. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు మూడేళ్ళుగా అలాగే ఉంది. పెరట్లో చేపలు పెంచుదామని కట్టిన టార్పాలిన్ తొట్టిలో ఇప్పుడు దోమలు పెరుగుతున్నాయి. మొగుడు సుగెంగ్ మోటారు సైకిళ్ళు బాగుచేసే మనిషి, చేతికి అంటిన మడ్డి ఎంతో నోటికి అంత మెత్తదనం. అయినా చుట్టాల మధ్య కూర్చున్నప్పుడు ఒక మాట అనకుండా ఉండలేడు. మా ఇంట్లో మొదలుపెట్టి పూర్తయింది మా కినార్ ఒక్కతే, అదీ ఎనిమిదో నెలకే వచ్చేసింది, అంటాడు. అందరూ నవ్వుతారు. వర్తిని కూడా నవ్వుతుంది, తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏ గిన్నె కోసం వచ్చిందో మర్చిపోయి నిలబడుతుంది.

ఆ కినార్‌కి ఇప్పుడు పదకొండేళ్ళు. బడిలో కుదురుగా కూర్చోదనీ, పక్కవాళ్ళ పుస్తకాల్లో బొమ్మలు వేస్తుందనీ టీచరు మూడుసార్లు కబురు పెట్టింది. జిల్లా ఆసుపత్రిలో మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఒక కాగితం ముందు పెట్టుకుని పిల్ల గురించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే వర్తిని ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు చెప్పేస్తూ వచ్చింది. ఆరో ప్రశ్న దగ్గర ఆవిడ కలం కిందపెట్టి తల్లి వంక కాసేపు చూసింది. సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. వారం తర్వాత తల్లికీ కూతురికీ ఒకే పేరు చెప్పి పంపించింది, ఏడీహెచ్‌డీ అని, అంటే ధ్యాసా ఒళ్ళూ ఒకచోట నిలవని తీరని.

తిరుగు దారిలో మోటారు సైకిల్ వెనక కూర్చుని వర్తిని రైలు గేటు దాకా సంబరపడింది. ఇది నా బద్ధకం కాదట, పొగరు కాదట, పుట్టుకతో వచ్చిందట. గేటు దగ్గర బండి ఆగేసరికి కోపం వచ్చింది. చిన్నప్పుడు అమ్మ వేసిన మొట్టికాయలన్నీ మరి ఎవరి కోసం తిన్నట్టు? ఇల్లు చేరేసరికి రెండూ పోయి ఏమీ తెలియకుండా పోయింది. జబ్బయితే నయం కావాలి. స్వభావమైతే అలవాటు పడాలి. ఇది రెండూ కాదన్నారు. అలాంటప్పుడు మనిషి ఏం చెయ్యాలో ఆ కాగితంలో రాసి ఉందేమోనని రెండుసార్లు చదివింది, మూడోసారి సగంలో ఫోను చూసుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వర్తిని అంట్లు తోముతుంటే కినార్ పక్కన చేరి, గిన్నె తుడవమని ఇస్తే దాని మీద దరువు వేస్తూ అడిగింది.

"అమ్మా, ఇది పెద్దయ్యాక పోతుందా?"

నిజం చెప్పాలంటే వర్తినికి తెలియదు. పోయి ఉంటే తను ఇలా ఉండేది కాదు కదా. కానీ కూతురు మొహం చూసి నోటికొచ్చింది అనేసింది.

"ఊరి పండక్కి నా మేళం ఉందిగా. మొదట్నించి చివరిదాకా కదలకుండా కూర్చుంటా, చూస్తుండు."

ఎందుకన్నదో ఆమెకే అర్థం కాలేదు. అన్నాక మాత్రం అది కినార్ కళ్ళల్లో కూర్చుంది.

ఇక ఆ శనివారం సాధనలో ఏం జరిగిందో చెప్పాలి. రెండో చిన్న గంట దాకా వర్తిని బుద్ధిగానే ఉంది. తర్వాత చెవుల్లో తాళం అలాగే పడుతుండగా మనసు చేపల తొట్టి దగ్గరికి వెళ్ళింది. అక్కడ నీళ్ళు పారబోసింది, మట్టి నింపింది, మిరప నారు పోసింది. వెనక్కి వచ్చి చూసుకుంటే ఎంతసేపైందో తెలియలేదు. అక్కడి నుంచి మొదలైంది అసలు బాధ. ఒళ్ళంతా లోపల్నుంచి దురద పెట్టినట్టు, కాళ్ళల్లో చీమలు పాకుతున్నట్టు, ఇప్పుడే, ఇప్పుడే, ఇప్పుడే అని ఎవరో మెడ మీద తడుతున్నట్టు. ఇంకో తాళం ఆగితే ఏమైపోతానో అనిపించింది. కొట్టేసింది. పది తాళాలు ముందు.

మేళం మొత్తం చెట్టు మీంచి పడ్డట్టు ఆగిపోయింది. చిన్న గంటలు వాయించే రుమియాతి వెనక్కి తిరిగింది. పేటలో అన్నిటికంటే నిదానమైన మనిషి, ఎసట్లో బియ్యం పోసి పక్కవీధిలో కబుర్లు చెప్పొచ్చినా అన్నం మాడనివ్వదు.

"బస్సొచ్చేసిందా వర్తినీ? మేమింకా మూటలు కట్టుకోలేదు."

ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. బు లస్త్రి నవ్వలేదు. అందరూ వెళ్ళాక వర్తినిని ఆపి, పండగ రోజు ఇలాగే అయితే ఆ తర్వాత జేగంట రుమియాతికి ఇస్తానని చెప్పింది. మరి నేనేం వాయించాలని వర్తిని అడిగింది. పెద్దావిడ మండపం వెనక టీ కెటిల్ పెట్టే బల్ల వంక చూసింది. అన్నిటినీ వర్తిని వదిలేసింది గానీ ఈ మేళాన్ని రెండేళ్ళుగా వదల్లేదు. తప్పులు చేసినా, తిట్లు తిన్నా, బుధవారం నాలుగింటికి అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది. ఇదీ పోతే తను ఏ పనికీ పనికిరాదని తేలిపోయినట్టే, అదీ కినార్ కళ్ళ ముందు.

ఆసుపత్రిలో ఆవిడ ఒక సలహా చెప్పింది. ఎదురుచూపు పెద్దదైతే ముక్కలు చేసుకోమంది, చేతులకు చిన్న పని ఇమ్మంది. వర్తిని ఇంట్లో వామనగుంటల పెట్టె లోంచి నాలుగు చింతగింజలు తీసింది. ఎడమ మోకాలి పక్కన చాప మీద వరసగా పెట్టేది. చిన్న గంట మోగినప్పుడల్లా ఒక గింజ తీసి గుప్పిట్లో వేసుకునేది. చాప మీద ఒక్కటే మిగిలిందంటే సుత్తి ఎత్తి పట్టుకోవాలి, ఆ తర్వాతి గంటకే దెబ్బ. మధ్యలో గుప్పిట్లో గింజల్ని దొర్లించుకుంటూ ఉంటే ఆ చీమలు కొంత సద్దుమణిగేవి. వరసగా రెండు సాధనలు ఒక్క తప్పు లేకుండా జరిగాయి. రుమియాతి టీ తాగుతూ, నీలో ఏదో దేవత పూనింది వర్తినీ, అంది. వర్తిని గర్వపడింది. అదే సమయంలో, నాలుగు గింజలతో పోయేదానికా ముప్పై తొమ్మిదేళ్ళు ఏడిచాను అని తికమకపడింది.

ఏడాదికోసారి ఊరు శుభ్రం చేసుకునే పండుగ వచ్చింది. పొద్దున్నే వీధులు ఊడ్చి, కాలవలు తీసి, పది గంటలకు అందరూ మండపంలో చేరారు. నడిమధ్య పసుపు అన్నం శిఖరంలా పోసి చుట్టూ కోళ్ళూ, గుడ్లూ, కొబ్బరి కలిపిన కూరలూ పేర్చారు. మేళం వాయించే మొదటి పాట పూర్తయి చివరి జేగంట మోగాక గాని ఆ అన్నాన్ని కొయ్యరు. దానికి ముందు వార్డు పెద్ద ప్రసంగం. నలభై నిమిషాలు మాట్లాడాడు, అందులో డ్రైనేజీ గురించే పదిహేను. బిగుతు జాకెట్టులో, పిన్నులు గుచ్చుకుంటున్న ముడితో, మడిచిన కాళ్ళ మీద వర్తిని ఆ నలభై నిమిషాలూ కూర్చుంది. లేచి పారిపోవాలనిపించిన ప్రతిసారీ ఎదురుగా చూసింది. ముందు వరసలో కినార్ చాప పుల్లలు ఒక్కొక్కటే పీకుతూ తల్లినే చూస్తోంది.

పాట మొదలైంది. మొదటి చుట్టు, రెండోది, మూడోది. ఓపికయ్య సరిగ్గా సమయానికి మూలిగాడు. ఆ మోత వెన్నులోంచి పాకి నేలలోకి దిగుతుంటే వర్తినికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. అయిదు చుట్లు పూర్తయ్యాయి. ఆరోది ఆఖరిది. బు లస్త్రి డోలు మీద ముగింపు సంజ్ఞ ఇవ్వాలి, అది విని అందరూ నెమ్మదించాలి.

సంజ్ఞ వచ్చింది గానీ సగమే వచ్చింది. ఆపైన డోలు తడబడింది. కొందరు నెమ్మదించారు, కొందరు పాత నడకలోనే పోయారు. తాళాలు ముందుకూ వెనక్కీ గుద్దుకోసాగాయి. ఒక చిన్న గంట మోగింది. అది రెండోదా? మూడోదా? వర్తిని చాప మీదికి చూసింది. ఒక గింజ కనిపించింది. అయితే సుత్తి ఎత్తాలి. ఎత్తింది. కానీ ఇంతకు ముందు గంటకు గింజ తీశానా, ఊరికే తడిమానా? గుప్పిట్లో ఎన్ని ఉన్నాయో వేళ్ళకు అందలేదు, చెమటకు అంటుకుపోయాయి. తెరిచి చూద్దామంటే కింద పడతాయి. బు లస్త్రి వంక చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. రుమియాతి వీపు ఏమీ చెప్పలేదు. అన్నం మీద కోడి వాసన, ఎవరో దగ్గిన చప్పుడు, దూలం మీద బల్లి, అన్నీ ఒక్కసారే లోపలికి వచ్చేశాయి. ఆ తొక్కిసలాటలో ఇప్పుడే, ఇప్పుడే అనే ఆ పాత గొంతు. రుమియాతి చెయ్యి గంట మీదికి వాలడం కనిపించింది. వర్తిని కొట్టేసింది.

అందరూ ఆగారు. ఒక్క పలక కూడా మిగలకుండా, ఇరవై మందీ ఒక్కసారే. జేగంట మోత మండపం స్తంభాల మధ్య తిరిగి తిరిగి పల్చబడింది. వర్తిని రుమియాతి నవ్వు కోసం, ఆ బస్సు మాట కోసం ఒళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. చప్పట్లు మోగాయి. చాప మీదున్నవీ గుప్పిట్లోని గింజలూ కలిపి నడుం గుడ్డలో దోపుకుంది.

అన్నం శిఖరం కోశారు. ఆ కొన ముక్కను సభలో గౌరవించాల్సిన మనిషికి ఇస్తారు. వార్డు పెద్ద దాన్ని అరిటాకులో పెట్టి బు లస్త్రికి అందించాడు. ఆవిడ రెండు చేతులా తీసుకుని, లేచి, మేళం మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి వర్తిని చేతుల్లో పెట్టింది. వార్డు పెద్ద మైకులో మెచ్చుకున్నాడు. జేగంట దగ్గరున్న ఆవిడ గంటసేపు బొమ్మలా కూర్చుందనీ, ఓపికంటే అలా ఉండాలనీ, ఈ కాలం పిల్లలు చూసి నేర్చుకోవాలనీ అన్నాడు.

పళ్ళు బిగించి, గోళ్ళు అరచేతిలో గుచ్చుకుని కూర్చున్న ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ వర్తినిని ఓపికగల మనిషి అనలేదు. ఇవాళ చెయ్యి ఆగక కొట్టేస్తే ఓపిక అంటున్నారు. ఆకు పట్టుకుని బు లస్త్రి వెనకే టీ బల్ల దాకా వెళ్ళింది. ఈ అన్నం నాది కాదండీ, నేను ముందే కొట్టాననుకుంటా, అని నసిగింది.

"అనుకోడమేంటి, కొట్టావు. పదహారు తాళాలు ముందు. మూడో గంటకే," అంది బు లస్త్రి, కుడిచేతి చూపుడు వేలు నొక్కుకుంటూ. ఆ వేలి కణుపు వాచి ఉంది. "నా వేలు పట్టేసింది. సంజ్ఞ నోట్లో మాట మింగినట్టయింది. నువ్వు కొట్టకపోయుంటే మనం ఇంకా తిరుగుతూనే ఉండేవాళ్ళం, పరువు గంగలో కలిసేది."

"అయితే మంచే జరిగిందంటారా?"

"మంచని ఎవరన్నారు? తప్పు తప్పే. శనివారం గంట ముందు రా, జేగంట దగ్గరే కూర్చో."

అది తిట్టో మెప్పో వర్తినికి అంతుపట్టలేదు. జేగంట ఉన్నట్టా, పోయినట్టా అని అడగబోయి, గంట ముందు రమ్మన్నదంటే ఉన్నట్టే కదా అని ఊరుకుంది.

మండపం వెనక మెట్ల మీద కినార్ కూర్చుని ఉంది. వర్తిని పక్కన కూర్చుని అన్నం మధ్యలో పెట్టింది. నడుం గుడ్డ లోంచి గింజలు తీసి ఒళ్ళో పోసి లెక్కపెట్టింది. మూడే. మళ్ళీ లెక్కపెట్టింది. మూడే. నడుం గుడ్డ విదిలించింది, చాపల దాకా వెళ్ళి చట్రం కింద వెతికి వచ్చింది. నాలుగోది ఎక్కడా లేదు. ఆఖరి చుట్టు మొదలవకముందే ఒక గింజ జారిపోయి ఉంటే, రెండో గంటకే చాప మీద ఒక్కటి మిగులుతుంది. మరి మూడో గంటకు కొట్టడం లెక్క ప్రకారం సరైనదే. తప్పు గింజది, తనది కాదు. అదే చప్పట్లప్పుడు జారిపోయి ఉంటే మాత్రం తప్పు తనదే. ఏది నిజమో చెప్పగలిగింది ఆ గింజ ఒక్కటే.

"చూశావా, ఒకటి పోయింది," అంది కూతురితో, గొంతులో ఆత్రం దాచుకోలేక. "అందుకే లెక్క తప్పింది. లేకపోతే నేను ఆగేదాన్నే."

కినార్ కోడి ముక్క నములుతూ గింజల వంక చూసింది.

"ఏమోనమ్మా. నా దగ్గర గింజల్లేవుగా. నేనైనా అక్కడే కొట్టేదాన్ని."

"ఎక్కడ?"

"నువ్వు కొట్టిన చోటే. ఇంక నా వల్ల కాదనిపించింది. అప్పుడే నువ్వు కొట్టావు."

పెద్దయ్యాక పోతుందని వర్తిని చూపిద్దామనుకుంది. పోదని చూపించింది, ఊరందరి ముందూ. కానీ పిల్ల మొహంలో నిరాశ లేదు. మోకాలు ఊపుతూ, తల్లి భుజానికి ఆనుకుని, పసుపు అన్నంలో గుడ్డు ముక్క కోసం వెతుకుతోంది. దీనికి సంతోషించాలా, ఏడవాలా అన్నది వర్తినికి తేలలేదు. గుడ్డు ముక్క ఒకటి కూతురి వైపు జరుపుతూ అడిగింది.

"ప్రసంగం, పాట, అన్నీ కలిపి గంటసేపు. లేచి వెళ్ళిపోవాలనిపించలేదా నీకు?"

"చాలాసార్లు అనిపించింది."

"మరి లేవలేదేం?"

"నువ్వు లేవలేదుగా," అంది కినార్.